చనిపోయినవారి వస్తువులకు విలువ కట్టడం: బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలకు ప్రొబేట్, వారసత్వ పన్ను మార్గదర్శి

పెదనాన్న పోయిన ఐదో వారం. లాంకషైర్‌లోని ఆయన ఇంట్లో, వంటగది బల్ల మీద అక్క ఒక బిస్కెట్ల డబ్బా మూత తీసింది. పెద్దమ్మ కాసులపేరు, నాలుగు గాజులు, జత తప్పిన ఒక రవ్వల దుద్దు, మడతల దగ్గర చిరిగిపోతున్న పాత నగల దుకాణం రసీదు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ అక్క అడిగింది: "దీనికి ఎంత అని రాయాలి?"

ఇంగ్లండ్, వేల్స్‌లో ఎవరైనా పోయినప్పుడు వారి ఆస్తిని వారసులకు అందించే బాధ్యత తీసుకున్న ఎగ్జిక్యూటర్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆస్తిని పంచడానికి కోర్టు ఇచ్చే అనుమతినే ప్రొబేట్ అంటారు. ఆ దరఖాస్తులో ఆస్తి మొత్తం విలువ చెప్పాలి. వారసత్వ పన్ను లెక్కా దాని మీదే నడుస్తుంది. మన ఇళ్లలో బంగారం ఉంటుంది, ఊళ్లో ఇల్లో పొలమో ఉంటుంది, నోటిమాటగా ఇచ్చిపుచ్చుకున్నవీ ఉంటాయి. ఇంగ్లిషులో దొరికే మార్గదర్శకాలు వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఆ లోటు తీర్చాలనే ఇది రాస్తున్నాను. స్కాట్లండ్‌లో ప్రొబేట్‌కు బదులు వేరే పద్ధతి, వేరే పత్రాలు ఉన్నాయి. విలువ కట్టే సూత్రం మాత్రం అక్కడా ఇదే.

మొదటి మెట్టు: పన్ను పడే అవకాశం ఉందో లేదో చూసుకోండి

ఎంత లోతుగా లెక్క కట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది. ఒక మనిషికి 3,25,000 పౌండ్ల వరకు పన్ను లేదు. 2009 నుంచి ఈ అంకె మారలేదు. సొంత ఇల్లు పిల్లలకో మనవలకో వెళ్తుంటే మరో 1,75,000 పౌండ్లు కలుస్తాయి. ఆస్తి 20 లక్షల పౌండ్లు దాటితే ఈ రెండో మినహాయింపు తగ్గుతూ పోతుంది. భార్యాభర్తల్లో ముందు పోయినవారు వాడుకోని మినహాయింపు రెండోవారికి దక్కుతుంది కాబట్టి, ఇద్దరూ పోయాక 10 లక్షల పౌండ్ల దాకా పన్ను లేకుండా పోవచ్చు. పైన మిగిలినదానికి 40 శాతం. జీవిత భాగస్వామికి వెళ్లే ఆస్తికి సాధారణంగా పన్ను ఉండదు.

పన్ను లేని చిన్న ఆస్తులకు 2022 జనవరి నుంచి విడిగా పన్ను పత్రం నింపే పని లేదు. ప్రొబేట్ దరఖాస్తులోనే అంకెలు రాస్తే సరిపోతుంది. అయితే మనవాళ్లు ఒక మెలిక గమనించాలి. ఆస్తి తక్కువే అయినా, అందులో విదేశాల్లో ఉన్నది 1,00,000 పౌండ్లు దాటితే ఈ సులువు దారి మూసుకుపోతుంది. హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉంటే చాలు, ఆ గీత దాటేయవచ్చు. అప్పుడు పన్ను పడకపోయినా ఐహెచ్‌టీ 400 అనే పెద్ద పత్రం నింపక తప్పదు.

రెండో మెట్టు: విలువ అంటే ఏ విలువ?

1984 నాటి వారసత్వ పన్ను చట్టంలో 160వ సెక్షన్ దీనికి ఆధారం. చనిపోయిన రోజున, బహిరంగ మార్కెట్‌లో, ఆ వస్తువు అమ్మితే న్యాయంగా ఎంత ధర పలుకుతుందో అదే విలువ. ఎంత పెట్టి కొన్నారన్నది లెక్కలోకి రాదు. కొత్తది కొనాలంటే ఎంతవుతుందన్నదీ రాదు. "అంతా ఒకేసారి అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది కదా" అని తగ్గించుకోవడానికీ చట్టం ఒప్పుకోదు. అమ్మకం ఖర్చులు, వేలం కమిషన్ కూడా తీసివేయకూడదు.

అక్క మొదట ఇక్కడే పొరపాటు పడింది. దగ్గర్లోని ఒక నగల దుకాణానికి కాసులపేరు తీసుకెళ్తే 9,500 పౌండ్లని అందమైన కాగితం మీద రాసిచ్చారు. పైన చిన్న అక్షరాల్లో "బీమా కోసం" అని ఉంది. పోతే అలాంటిదే కొత్తది చేయించడానికి అయ్యే ఖర్చు అది. మజూరీ, తరుగు, దుకాణం లాభం, అమ్మకం పన్ను అన్నీ అందులో కలిసి ఉన్నాయి. నిపుణుడి చేత 160వ సెక్షన్ ప్రకారం మళ్లీ కట్టిస్తే 4,300 వచ్చింది. ఆ మొదటి కాగితాన్నే నమ్ముకుని ఉంటే, 40 శాతం చొప్పున 2,000 పౌండ్లకు పైగా అనవసరంగా కట్టేవాళ్లం.

అలాగని తక్కువ రాయడమూ లాభం కాదు. హెచ్‌ఎంఆర్‌సీ, అంటే అక్కడి పన్నుల శాఖ, లెక్క తిరగదోడితే తేడా పన్నుతో పాటు వడ్డీ వేస్తుంది. అజాగ్రత్త అనిపిస్తే తేడా పన్నులో 30 శాతం వరకు, తెలిసి దాచితే 100 శాతం వరకు జరిమానా ఉంటుంది. పైగా ఇప్పుడు రాసిన విలువే రేపు వారసులు అమ్ముకునేటప్పుడు వారి కొనుగోలు ధరగా నిలుస్తుంది. ఇంటి విలువ తగ్గించి రాస్తే, అమ్మిన రోజున లాభం పెరిగి మూలధన లాభాల పన్ను మీద పడుతుంది.

మూడో మెట్టు: కదిలించకముందే ఫొటోలు, జాబితా

దినకర్మలు అయ్యీ కాకముందే చీరలు, గిన్నెలు, గడియారాలు తలా ఒకటి గుర్తుగా పట్టుకెళ్లడం మనలో మామూలే. ప్రేమతోనే జరుగుతుంది. కానీ ఎగ్జిక్యూటర్ దానికి లెక్క చెప్పాలి. అందుకే ఏదీ ఇల్లు దాటకముందే గది గదికీ వెళ్లి ఫొటోలు తీయండి. బీరువా తలుపులు, సొరుగులు, అటక, గ్యారేజీ అన్నీ తెరిచి తీయండి. పూజగదిలో వెండి ఉంటుంది, మర్చిపోకండి. బ్యాంకు లాకరు ఉంటే అందులో ఉన్నవి ఇద్దరి సమక్షంలో రాసుకోండి.

జాబితాలో వస్తువు, అది దొరికిన చోటు, ఎవరిది, రసీదు ఉందా అనే నాలుగు గడులు ఉంటే చాలు. వీటిలో "ఎవరిది" అన్న గడి దగ్గరే ఎక్కువ ఆలోచించాలి. పెదనాన్న లాకరులో దొరికిన వడ్డాణం నిజానికి చిన్నక్కది. ఆమె పెళ్లికి అత్తవారు పెట్టినది, భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టింది. పెళ్లి ఫొటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫొటో నకలు, ఆమె సంతకంతో ఒక ఉత్తరం ఫైలులో పెట్టి, వడ్డాణాన్ని లెక్కలోంచి తీసేశాం.

నాలుగో మెట్టు: బంగారం

తెలుగు ఇళ్లలో ఇల్లు తర్వాత ఎక్కువ విలువ దీనికే ఉంటుంది. ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే. కాబట్టి నిదానంగా చూద్దాం.

మొదట తూకం. గ్రాములో పదో వంతు చూపే చిన్న త్రాసు కొనండి. దారానికి గుచ్చినవైతే దారం బరువు తీసివేయాలి. పాత గాజులు, గుండ్లు, నగిషీ పని ఉన్న హారాల్లో లోపల లక్క ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బరువుగా అనిపిస్తాయి గానీ, కరిగిస్తే బంగారం సగం కూడా ఉండకపోవచ్చు. కెంపులు, పచ్చలు పొదిగినవాటిలో రాళ్ల బరువు కూడా పోవాలి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. మొత్తం బరువు మాత్రం రాసి, "లక్క ఉంది", "రాళ్లు ఉన్నాయి" అని పక్కన గుర్తు పెట్టి నిపుణుడికి వదిలేయండి.

తర్వాత శుద్ధత. 916 ముద్ర ఉంటే 22 క్యారెట్లు, 750 అయితే 18, 375 అయితే 9. భారతదేశంలో బంగారానికి హాల్‌మార్క్ 2000లో మొదలైంది, తప్పనిసరి అయింది 2021లో. కాబట్టి పెద్దవాళ్ల నగల మీద ముద్ర ఉండదు. రసీదులో 22 క్యారెట్లని రాసి ఉన్నా, టంకం వేసిన చోట్ల శుద్ధత తగ్గుతుంది. యంత్రంతో పరీక్ష చేయించడం మేలు. బ్రిటన్‌లో 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం, గ్రాము దాటిన వస్తువును ముద్ర లేకుండా బంగారమని చెప్పి వ్యాపారులు అమ్మకూడదు. 1950కి ముందు చేసిన పాతవాటికి మినహాయింపు ఉంది. అందుకే ముద్ర లేని మన నగలను అక్కడి కొనుగోలుదారులు చాలావరకు కరిగించే ధరకే అడుగుతారు. పెద్దమ్మ గాజుల మీది పనితనానికి అక్కడ దాదాపు విలువ లేదు. ఆ మాట విన్నప్పుడు బాధేసింది, కానీ పత్రంలో రాయవలసింది ఆ మార్కెట్ చెప్పిన ధరే.

ఇక లెక్క. దారం తీసేశాక కాసులపేరు 60 గ్రాములుంది. 22 క్యారెట్లయితే 60ని 0.916తో గుణించాలి. 54.96 గ్రాముల శుద్ధ బంగారం వస్తుంది. చనిపోయిన రోజున గ్రాము శుద్ధ బంగారం 80 పౌండ్లు అనుకుందాం. అప్పుడు లోహం విలువ 4,397 పౌండ్లు. కొనేవారు కరిగింపు ఖర్చు, తమ లాభం చూసుకుని దీనికంటే కొంత తగ్గించి ఇస్తారు. నిపుణుడు చెప్పే అంకె ఈ చుట్టుపక్కల లేకపోతే, ఎందుకు లేదో అడగండి. ధర మాత్రం మరణించిన రోజుదే చూడాలి. మీరు నింపే రోజుకు బంగారం ఎంత పెరిగినా దాంతో పని లేదు.

కాసుల గురించి ఒక మాట. మనం 8 గ్రాములను కాసు అంటాం. బ్రిటిష్ సవరన్ నాణెం బరువు 7.98 గ్రాములు, అది కూడా 22 క్యారెట్లే. పాత కాసులపేర్లలో కొన్నిటికి విక్టోరియా రాణి బొమ్మో ఐదో జార్జి బొమ్మో ఉన్న అసలు సవరన్లే గుచ్చారు. అలాంటివి దొరికితే సంవత్సరం, ముద్రణాలయం గుర్తు చూడండి. కొన్నిటికి నాణేల సేకర్తలు లోహం విలువకు మించి ఇస్తారు. కొక్కెం అతికించి ఉంటే ఆ అదనపు విలువ చాలావరకు పోతుంది. లక్ష్మీదేవి బొమ్మ ఉన్న పలుచని బిళ్లలు సవరన్లు కావు. వాటిని తూకం వేయాల్సిందే.

నిపుణుణ్ని ఎంచుకునేటప్పుడు మూడు అడగండి. నగల విలువ కట్టడంలో నమోదైన అర్హత ఉందా? కాగితం మీద "1984 చట్టం 160వ సెక్షన్ ప్రకారం, ఫలానా తేదీ నాటి బహిరంగ మార్కెట్ విలువ" అని రాస్తారా? రుసుము గంటల లెక్కా, వస్తువుల లెక్కా? విలువలో శాతం అడిగేవారి దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. వజ్రాలకు ప్రయోగశాల పత్రాలుంటే వెంట తీసుకెళ్లండి.

ఐదో మెట్టు: మిగతా ఇంటి సామాను

సోఫాలు, మంచాలు, టీవీ, గిన్నెలు, బట్టలకు పాత సామాను ధరే వస్తుంది. అది చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. గదికి ఇంత అని నిజాయితీగా అంచనా వేయండి. వెబ్‌సైట్లలో అమ్మకందారులు అడుగుతున్న ధరలు కాక, అమ్ముడైపోయిన ధరలు చూడండి. పన్ను పడే ఆస్తి అయితే, ఒక్కటీ 1,500 పౌండ్లు దాటుతుందనిపించే వస్తువును నిపుణుడికి చూపించాలి. కంచి పట్టుచీరలకు అక్కడ కొనేవారు తక్కువ. పాతకాలపు వెండి జరీ ఉన్నవి మాత్రం పక్కన పెట్టండి. పూజ వెండికి బంగారంలాగే తూకం. కారుకు మోడల్, తయారైన సంవత్సరం, తిరిగిన మైళ్లు, స్థితి రాయాలి. అందమైన నంబరు ప్లేటు ఉంటే దానికి వేరే విలువ ఉండవచ్చు. జతలుగా, సెట్లుగా ఉన్నవాటిని విడదీయకుండా కలిపే విలువ కట్టండి. ఇవన్నీ ఐహెచ్‌టీ 407 అనే అనుబంధ పత్రంలోకి వెళ్తాయి.

ఆరో మెట్టు: ఇల్లు

స్థానిక ఎస్టేట్ ఏజెంట్లు ముగ్గురిని పిలిచి, "అమ్మకానికి పెట్టే ధర కాదు, ఫలానా తేదీన అమ్ముడుపోయే ధర కావాలి" అని స్పష్టంగా అడగండి. లేకపోతే ఇంటిని తమకు అప్పగిస్తారన్న ఆశతో పెంచి చెప్తారు. పన్ను పడుతుందని తెలిస్తే డబ్బులిచ్చి చార్టర్డ్ సర్వేయర్ నివేదిక తీసుకోవడమే ఉత్తమం. హెచ్‌ఎంఆర్‌సీ ఇంటి విలువను ప్రభుత్వ వాల్యుయర్‌కు పంపి సరిచూసుకోగలదు. కారుతున్న పైకప్పు, పాత వైరింగు, పెరటి వెనక ఇల్లు కట్టుకోగల స్థలం వంటివన్నీ నివేదికలో ఉండాలి. జీవిత భాగస్వామి కాని మరొకరితో, ఉదాహరణకు తమ్ముడితో, కలిసి కొన్న ఇల్లయితే వాటా విలువలో సాధారణంగా 10 శాతం తగ్గింపు అడగవచ్చు. భార్యాభర్తలకు ఆ తగ్గింపు లేదు. తర్వాత 4 ఏళ్లలోపు తక్కువకు అమ్ముడుపోతే, ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి అడిగే వీలుంది. నగలకు, సామానుకు అలాంటి వీలు లేదు. వాటి విలువను మొదట్లోనే సరిగ్గా కట్టాలి.

ఏడో మెట్టు: బ్యాంకులు, షేర్లు

ప్రతి బ్యాంకుకూ రాసి, మరణించిన రోజు నాటి నిల్వ, అప్పటిదాకా చేరిన వడ్డీ అడగండి. "బిల్లులు కట్టడానికి వీలుగా" అని తండ్రి ఖాతాలో కూతురి పేరు చేర్చిన సందర్భాలు చాలా ఉంటాయి. డబ్బంతా తండ్రిదే అయితే, పన్ను లెక్కలో ఆ ఖాతా మొత్తం తండ్రిదే.

లండన్ ఎక్స్ఛేంజీలోని షేర్లకు ఒక చిన్న సూత్రం ఉంది. ఆ రోజు ముగింపు ధరల్లో తక్కువది 400 పెన్సులు, ఎక్కువది 408 అనుకుందాం. తేడా 8లో నాలుగో వంతు 2. దాన్ని తక్కువ ధరకు కలిపితే 402. అదే విలువ. శని, ఆదివారాల్లో పోతే ముందు రోజుదీ తర్వాత రోజుదీ చూసి తక్కువది తీసుకోవచ్చు. పింఛను నిధుల విషయంలో నిబంధన మారుతోంది. 2027 ఏప్రిల్ 6 నుంచి జరిగే మరణాలకు, వాడుకోని పింఛను నిధి కూడా చాలావరకు పన్ను లెక్కలోకి వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఊళ్లో ఉన్నవి

"ఇండియాలో వారసత్వ పన్ను లేదు కదా, అక్కడివి ఎందుకు చూపాలి?" అని అందరూ అడుగుతారు. భారతదేశంలో ఎస్టేట్ సుంకం 1985లోనే పోయిన మాట నిజం. బ్రిటన్ లెక్క వేరు. 2025 ఏప్రిల్ 6 నుంచి, మరణానికి ముందు 20 పన్ను సంవత్సరాల్లో కనీసం 10 ఏళ్లు బ్రిటన్ నివాసి అయినవారి ప్రపంచవ్యాప్త ఆస్తి అంతా పన్ను పరిధిలోకి వస్తుంది. భారత్, బ్రిటన్ మధ్య 1956 నాటి పాత ఒప్పందం ఇంకా నిలిచి ఉంది. దాని వల్ల కొందరికి భారతదేశంలోని ఆస్తి మీద పన్ను తప్పవచ్చు. వీలునామాకు ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, శాశ్వత నివాసం ఎక్కడ అన్నవాటి మీద అది ఆధారపడుతుంది. పొలాలూ ఫ్లాట్లూ ఉన్నవారు ఈ ఒక్క విషయానికి తప్పకుండా న్యాయవాదికి డబ్బు ఖర్చు పెట్టండి. ఎంత పెట్టినా వృథా కాదు.

విలువ కట్టే తీరు ఇక్కడా అదే. రిజిస్ట్రేషన్ శాఖ వారి మార్కెట్ విలువ పట్టిక చాలాచోట్ల అసలు ధర కంటే తక్కువ ఉంటుంది. అది ఒక ఆధారం మాత్రమే, దాన్నే విలువగా రాయకండి. రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో మరణ తేదీ నాటి విలువకు నివేదిక తెప్పించండి. చుట్టుపక్కల అమ్మకాల దస్తావేజుల నకళ్లు జతచేయించండి. పాసుపుస్తకం, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీసి పెదనాన్న వాటా ఎంతో ముందు తేల్చుకున్నాం. అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఆయనది మూడో వంతే. నామినీగా ఎవరి పేరున్నా ఆ డబ్బుకు వారే యజమానులని అనుకోవద్దు. సాధారణంగా నామినీ తీసుకుని వారసులకు అప్పగించవలసినవారే. రూపాయలను మరణించిన రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మార్చి ఐహెచ్‌టీ 417లో రాయాలి. బ్రిటన్‌లో వ్యవసాయ భూమికిచ్చే పన్ను రాయితీ గోదావరి జిల్లాల పొలానికి వర్తించదు. 2024 ఏప్రిల్ నుంచి అది బ్రిటన్‌లోని భూమికే.

తొమ్మిదో మెట్టు: ముందే ఇచ్చేసినవి

చివరి 7 ఏళ్లలో ఇచ్చిన కానుకలు కూడా చూడాలి. ఏడాదికి 3,000 పౌండ్ల దాకా మినహాయింపు ఉంది. అంతకు మించి కూతురి ఇంటికి ఇచ్చిన డబ్బు, మనవరాలి పెళ్లికి పెట్టిన పెద్ద నగలు లెక్కలోకి రావచ్చు. పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు ఓపికగా తిరగేయండి. "ఈ హారం నీదేనమ్మా" అని కోడలికి చెప్పి, చివరిదాకా అత్తగారే వేసుకుని ఉంటే, పన్ను దృష్టిలో అది ఇచ్చినట్లే కాదు. హారం అత్తగారి ఆస్తిలోనే ఉంటుంది. మాట ఇచ్చిన పెద్దావిడ మనసులో అది కోడలిదే. చట్టం మాత్రం అది ఎవరి మెడలో ఉందన్నదే చూస్తుంది.

పదో మెట్టు: అప్పులు, గడువులు, ఫైలు

ఇంటి రుణం, క్రెడిట్ కార్డు బకాయి, కరెంటు బిల్లు, సహేతుకమైన అంత్యక్రియల ఖర్చు తీసివేయవచ్చు. ప్రొబేట్ రుసుము, వాల్యుయర్ల ఫీజు తీసివేయకూడదు.

మరణించిన నెల తర్వాత ఆరో నెల చివరికి పన్ను కట్టాలి. మార్చిలో పోతే సెప్టెంబరు 30. ఆ తర్వాత వడ్డీ మొదలవుతుంది. ఐహెచ్‌టీ 400 పంపడానికి ఏడాది గడువున్నా, పన్ను కట్టనిదే మామూలుగా ప్రొబేట్ రాదు. చనిపోయినవారి ఖాతాలోంచే నేరుగా కట్టమని బ్యాంకును ఐహెచ్‌టీ 423 ద్వారా అడగవచ్చు. ఇంటి మీద పడిన పన్నును 10 వార్షిక వాయిదాల్లో కట్టే వీలుంది. ఏదైనా విలువ ఇంకా తేలకపోతే దాన్ని వదిలేయకండి. అంచనా అని స్పష్టంగా చెప్పి రాసి, తేలగానే సరిదిద్దండి.

పన్ను కట్టిన తర్వాత 20 ఏళ్ల దాకా హెచ్‌ఎంఆర్‌సీ కాగితాలు అడగవచ్చు. అందుకే ప్రతి అంకె పక్కనా అది ఎలా వచ్చిందో ఒక వాక్యం రాసిపెట్టాం. ఆ ఫైలు అక్క ఇంట్లో మెట్ల కింద అరలో ఉంది. మొదటి కవరులో తూకం చీటీ, కాసులపేరు ఫొటో, ఆ రోజు బంగారం ధర, నిపుణుడి కాగితం ఉన్నాయి. కాసులపేరును అమ్మలేదు. ప్రొబేట్ వచ్చాక పెదనాన్న వీలునామాలో రాసినట్లే పెద్ద మనవరాలికి ఇచ్చారు. ఆ అమ్మాయి చేతికి ఇచ్చేటప్పుడు అక్క కొత్త పట్టుదారంతో మళ్లీ గుచ్చింది.